అక్క ఒప్పుకున్న పొయ్యి

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, చెంగిచెర్లలో మా ఇంట్లో బన్నుల పిండి కలుపుతుండగా ఫోన్ మోగింది. నాచారం నుంచి అక్క కూతురు.

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

పిండి చేత్తోనే ఫోన్ చెవికి ఆనించుకున్నాను. తనే చెప్పింది. "చాయ పెట్టుకుంట పెట్టుకుంట కింద కూసుంది. జర ఆయాసమొస్తుంది బిడ్డా అన్నది. గంతే. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది."

ఎనిమిదేళ్లు ఆమె ఇంటి పైన కాపురం ఉన్నాను. పొయ్యి మీద ఏదైనా ఉండగా ఆమె కూర్చోవడం ఒక్కసారీ చూడలేదు. చాయ కాగుతుంటే కూర్చుందన్న మాట విన్నాకే, ఆమె నిజంగా పోయిందని నాకు తెలిసింది.

ఆ రోజు నుంచి నాకు కాలు నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్లానో గుర్తుండదు. కాగితం మీద పెడితే కాస్త కుదురుకుంటానేమోనని ఇది మొదలుపెట్టాను. ఇప్పటికే మూడుసార్లు లేచాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మాది తణుకు వైపు, ఆమెది భువనగిరి దగ్గర పల్లె. నా భర్తకు నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని దొరికితే వచ్చి, అద్దె ఇంట్లో పై పోర్షన్‌లో దిగాం. కింది పోర్షన్ ఆమెది. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఆమె పారిశ్రామికవాడలో గ్యాస్ స్టవ్‌లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేది. తయారైన ప్రతి స్టవ్‌నూ వెలిగించి, జాయింట్లకు సబ్బునీళ్లు పూసి, గ్యాస్ కారడం లేదని తేల్చి, తన నంబరు ముద్ర వేయడం ఆమె ఉద్యోగం. ఆమె నంబరు పదిహేడు.

మేం సామాన్లు దించిన రోజే చిన్న గిన్నెలో సబ్బునురగ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పేరడగలేదు, ఊరడగలేదు. నేరుగా సిలిండరు దగ్గరికి వెళ్లి పైపు వంచి చూసింది.

"ఏండ్లయింది గదా మార్వక? పగుళ్లిచ్చింది సూడు. రేపు మార్వాలె."

"అలాగేనండి."

"అండి గిండి వద్దు. అక్కా అను."

అక్కా అనడం తొందరగానే వచ్చింది. 'మీరు' మాత్రం పోలేదు. "అక్కనంటవ్, మల్ల మీరంటవ్. రెంట్ల ఏదో ఒకటి ఇడువు" అని నవ్వేది.

ఆమె అన్నం కూడా కిటికీ దగ్గర నిలబడే తినేది. కొప్పులో ఎప్పుడూ ఒక సన్నని పిన్ను ఉండేది. అది జుట్టుకు కాదు, బర్నర్ల రంధ్రాలు శుభ్రం చేయడానికి. సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ గల్లీలో ఎవరి కిటికీలోంచైనా మంట పసుపుపచ్చగా కనిపిస్తే చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయేది. గల్లీలో ఆమెను 'గ్యాసక్క' అని నవ్వుకునేవాళ్లు. పొయ్యి పాడైతే మాత్రం ఆమె గుమ్మం ముందే నిలబడేవాళ్లు.

నాకు ఆమెతో అసలు ముడి పడింది కుకింగ్ రేంజ్ దగ్గర. నేను పాఠాలు చెప్పే చిన్న బడి మూతపడింది. ఊరికే ఉండలేక, కుక్కరులో ఇసుక పోసి కేకులు చేసి చుట్టుపక్కల ఇవ్వడం మొదలుపెట్టాను. ఒక కేకు ఎలాగో సైనిక్‌పురిలోని ఒక బడి హెడ్‌మిస్ట్రెస్ దాకా వెళ్లింది. ఆవిడ పిలిపించి, క్రిస్మస్‌కి వాళ్ల హాస్టలు పిల్లలందరికీ కేకులు చేయగలవా అని అడిగింది. బాగుంటే రోజూ హాస్టలుకి బన్నులు కూడా నన్నే ఇమ్మంటానంది. సరిగ్గా అప్పుడే నా భర్త కంపెనీలో సగం మందిని ఇళ్లకు పంపిస్తున్నారు. ఆయన పేరు ఏ రోజు వస్తుందో తెలియదు. ఆవిడకి సరేనని చెప్పి వచ్చేశాను. కుక్కరులో ఒకసారికి ఒక్క కేకే అవుతుంది. పైన నాలుగు బర్నర్లు, కింద పెద్ద ఓవెన్ ఉన్న రేంజ్ కొనక తప్పదు.

అక్కను సాయం రమ్మన్నాను. ఒక్క ఆదివారంతో అయిపోతుందనుకున్నాను. దసరాకి మొదలుపెట్టాం, కార్తీకం కూడా వెళ్లిపోయింది.

ఉప్పల్ రింగురోడ్డు మీది దుకాణాలు, హబ్సిగూడ, సికింద్రాబాద్. ప్రతిచోటా ఇదే తంతు. సేల్స్‌మన్ రంగులు చూపిస్తుంటే అక్క వెనక్కి వెళ్లి వంగి పైపులు చూసేది. వేలి కణుపుతో రేకును కొట్టి చెవి పెట్టేది. ఓవెన్ తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగేది. కాగితం జారి వచ్చిందంటే వేడి కూడా అక్కడినుంచే పోతుందనేది. "నునుపు సూడకు పిల్లా, బరువు సూడు" అనేది. దుకాణం బయటికి వచ్చాక రిపేర్లు చేసే మనుషులను వెతుక్కుంటూ వెళ్లేది. "అమ్మెటోడు అన్నీ మంచియే అంటడు. బాగుజేసెటోన్ని అడుగు, ఏది మాటిమాటికి వస్తదో చెప్తడు."

ఆమెకు ఓవెన్ గురించి తెలియదు. అది దాచుకోలేదు. "నా జన్మల దీని మీద ఒండలే. మంట సంగతి నాకు ఇడిశిపెట్టు, లోపల సంగతి నువ్వు సూడు" అంది. ఓవెన్‌లో వేడి అన్ని మూలలా సమానంగా ఉందో లేదో తెలియాలంటే పళ్లెం నిండా బ్రెడ్ ముక్కలు పరిచి చూడాలని నేను చెబితే, చిన్నపిల్లలా సంబరపడింది.

కానీ ఏదీ ఆమెకు నచ్చలేదు. డిసెంబరు వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. నా భర్త అన్నం మధ్యలో లేచి వెళ్లిపోతున్నాడు. ఊరంతా తెలంగాణ ఉద్యమం, ఈ రోజు బంద్ అంటే రేపు ర్యాలీ. ఏ దుకాణం ఎప్పుడు తెరుస్తారో తెలియదు. అక్క ఒక పెళ్లికి ఊరెళ్లిన రోజు నేను ఒక్కదాన్నే ఉప్పల్ వెళ్లి, మొదటినుంచీ నా కంటికి నచ్చిన రేంజ్ కొనేశాను. నల్లటి అద్దం మూత, వెండిరంగు నాబులు. అక్క దాన్ని అప్పటికే రెండుసార్లు వద్దంది.

రెండో రోజు అక్క వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది. కిందికెళ్లి నురగ గిన్నెతో వచ్చింది. పైన నాలుగు బర్నర్లు బాగానే ఉన్నాయి. ఓవెన్‌కి వెళ్లే పైపు మలుపు దగ్గర నురగ పూసి, నన్ను దగ్గరికి పిలిచింది. ఒక బుడగ లేచింది. చిట్లింది. అదే చోట ఇంకోటి.

నేను దుకాణానికి ఫోన్ చేశాను. దుకాణదారు, అమ్మిన సామాను వెనక్కి తీసుకోం, కొత్తదానికి మొదట్లో అలాగే ఉంటుంది అన్నాడు. నేను ఆ మాటనే పట్టుకున్నాను.

"మొదట్లో అలాగే ఉంటుందట అక్కా. రేపటినుంచి కేకులు కాల్చాలి నేను."

"ముట్టియ్యకు."

"ఎన్నాళ్లని? దసరా నుంచీ మీరు ఏదీ కొననివ్వలేదు. మీకేం, మీ ఉద్యోగం నిలకడగా ఉంది. లోకంలో ఉన్న ప్రతి పొయ్యికీ మీ ముద్ర ఉండాలా?"

అనేశాను. ఆమె సిలిండరు దగ్గరికి వెళ్లి రెగ్యులేటరు తీసి చేతిలో పట్టుకుంది. వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. అటూ ఇటూ నాలుగడుగులు నడిచి, గోడకేసి చూస్తూ చెప్పింది.

"నా ముద్ర ఉన్న పొయ్యి ఒకటి వాపస్ వచ్చింది పిల్లా. సగం కాలి వచ్చింది. నువ్వు ఈడికి రాకముందు ముచ్చట. పండుగ ముందర లోడు పోవాలె, జల్ది జల్ది అన్నరు. సబ్బునీళ్లు వెట్టకుంటనే ముద్రలు గుద్దిన. ఒక్క పూట. ఒక్క పూటనే."

ఎవరింటి పొయ్యి అక్కా అన్నాను.

"బోడుప్పల్‌ల ఒకామె. రెండు చేతులు కాలినయ్. అడ్రసు పట్టుకొని పోయిన. కంపెనీల పన్జేస్తనని చెప్పిన గానీ, ముద్ర నాదేనని చెప్పలే. నోరు రాలే. ఆమె గా కట్టుగట్టిన చేతుల్తోనే కిరోసిన్ పొయ్యి మీద చాయ పెట్టిచ్చింది. తాగిన. తాగి వచ్చిన." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అప్పటిసంది కూసుంటే అదే యాదికొస్తది. నిలవడితే జర నయం."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. తప్పయింది అక్కా అన్నాను. "నీదేం తప్పు. రేపు పొద్దుగాల పోయి దుకాణం తెరిశిండేమో సూద్దాం" అంది.

తెల్లారి రేంజ్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని ఉప్పల్ వెళ్లాం. దుకాణదారు బిల్లు వెనక అచ్చువేసిన షరతులు చదివి వినిపించాడు. అక్క వాదించలేదు. రేంజ్‌ని గుమ్మం పక్కనే దింపించి, తన నురగ గిన్నె దానిమీద పెట్టి నిలబడింది. స్టవ్ కొనడానికి వచ్చిన ప్రతి మనిషినీ మర్యాదగా పలకరించింది.

"అమ్మా, మస్తు దుకాణం. మంచియి కూడ ఉన్నయ్. కొను. గానీ కొనే ముందట గ్యాసు పెట్టిచ్చి, సబ్బునీళ్లు పూసి సూడు. నీళ్లు నేను తెచ్చిన."

ముగ్గురు ఆడవాళ్లు నిజంగానే పూయించారు. ఆ మూడు స్టవ్‌లలో రెండు బాగున్నాయి. అక్క ఆ సంగతి కూడా అందరికీ వినిపించేలా చెప్పింది. మధ్యాహ్నానికి దుకాణదారు మెత్తబడి, "ఏది కావాల్నో తీస్కపో తల్లీ" అన్నాడు.

అప్పుడు అక్క, ఇదివరకు మాకెవరూ చూపించని, ఒక మూలనున్న రేంజ్‌ని చూపించింది. మెరుపులేని స్టీలు, మొద్దు నాబులు, ఇద్దరు పట్టినా లేవని బరువు. గ్యాసు పెట్టించింది. నాబు సన్నమంటకు తిప్పి, ఎదురుగా ఫ్యాను పెట్టించి, ఓవెన్ తలుపు గట్టిగా రెండుసార్లు మూసింది. నీలిమంట వణికింది గానీ ఆరలేదు. జాయింట్లకు నురగ పూసి చాలాసేపు వంగి చూసింది. ఒక్క బుడగా లేవలేదు. నేను పక్క కొట్లోంచి బ్రెడ్ తెచ్చి లోపల పరిచాను. పది నిమిషాలకు తీస్తే అన్ని ముక్కలూ ఒకే రంగు. అక్క ఒక ముక్క తీసి, అలాగే నిలబడి తింది.

"ఇగ తీస్కపో. ఫికర్ లేదు."

మూడు రోజులు పగలంతా కేకులు కాల్చాను. అక్క సెలవు పెట్టి ఓవెన్ ముందు కాపలా ఉంది. కేకులు చేరాయి, హాస్టలు బన్నుల పని నాకే వచ్చింది. రెండు నెలలకు నా భర్త పేరు కంపెనీ తీసేసినవాళ్ల జాబితాలో వచ్చింది. అయినా ఇంట్లో పొయ్యి ఆగలేదు. ఈ రోజు మేం ఇలా ఉన్నామంటే ఆమె వల్లే.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బోడుప్పల్ వెళ్లింది. చేతిలో కేకు. ఈసారి ముద్ర సంగతి చెప్పాలని దారంతా గొణుక్కుంది. ఆ ఇల్లున్న చోట మూడంతస్తుల భవనం లేచింది. పాత వాళ్లు ఎటు పోయారో ఎవరూ చెప్పలేకపోయారు. నాలుగు గల్లీలు తిరిగి, కిరాణా కొట్లన్నీ అడిగి, ఆఖరికి కేకు ఆ భవనం వాచ్‌మన్ పిల్లలకిచ్చి వచ్చేశాం. ఆ తర్వాత కూడా ఆమె ఒక్కతే వెళ్లి వెతికేదని మొన్న కూతురు చెబితే తెలిసింది.

మేం చెంగిచెర్లకు మారాక రెండు నెలలకోసారి వెళ్లి చూసి వచ్చేదాన్ని. మొన్న కొత్త రాష్ట్రం వచ్చిన వారం వెళ్లాను. గల్లీలో ఇంకా గులాబీ కాగితాలున్నాయి. నా నోట్లో మిఠాయి పెట్టి, "ఇగ నువ్వు గూడ ఈడిదానివే" అంది. అదే చివరిసారి.

కళ్లు మూసుకుంటే మాత్రం నాకు కనిపించేది ఆ డిసెంబరులో కేకులు ఇచ్చి వచ్చిన రోజు. అది బంద్ రోజు. తెలిసిన ఆటోలో తెల్లవారుతూనే సైనిక్‌పురి చేరాం. తిరిగి వచ్చేసరికి ఒక్క బండీ లేదు. ఖాళీ పళ్లేలు మోసుకుంటూ నడిచాం. మౌలాలి దగ్గర రోడ్డుకడ్డంగా నిలబడ్డ కొందరు మమ్మల్ని ఆపారు.

"ఏడికెళ్లి వస్తున్నరు?"

"హాస్టలు పోరగాండ్లకు కేకులిచ్చి వస్తున్నం. ఈమె నా చెల్లె" అంది అక్క.

ఒకాయన నావైపు తిరిగి ఏ ఊరన్నాడు. అక్క నన్ను అబద్ధం చెప్పమనలేదు, కళ్లతో కూడా చెప్పలేదు. "తణుకు" అన్నాను. ఆయన పక్కనున్నవాళ్ల ముఖాలు చూశాడు. తర్వాత ఆయన పళ్లెంలోకి తొంగిచూసి, "ఏమన్న మిగిలినయా?" అన్నాడు. విరిగిన ముక్కలు కాగితంలో ఉంటే అక్క పంచిపెట్టింది. నవ్వుతూ దారి ఇచ్చారు.

నేను అక్కడే ఆగిపోయాను. అంత పెద్ద రోడ్డు, ఒక్క వాహనం లేదు, నిండా ఎండ. అక్క అప్పటికే చాలా దూరం వెళ్లిపోయింది. నెత్తిమీద పళ్లేలు ఎండకు మెరుస్తున్నాయి. అవి జారకుండా ఒక చేత్తో పట్టుకుని, నడక ఆపకుండానే సగం వెనక్కి తిరిగి, రెండో చెయ్యి ఊపుతోంది.

"ఏంది, గాడనే నిలవడ్డవ్? రా!"