పెట్టెను చూసి వెళ్ళిన నాన్న

ఆ రోజుల్లో సర్కారు గురుకులంలో సీటు రావడమంటే మా పేటలో కలెక్టరు ఉద్యోగం వచ్చినంత సంబరం. ప్రవేశ పరీక్ష రాయాలి, ఎక్కడెక్కడి పిల్లలనో దాటాలి, ఆపైన జాబితాలో పేరుండాలి. శ్రీకాకుళం తీరాన మా చేపల పేట నుంచి అలా పేరొచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. (రెండో పిల్ల రావడానికి నాలుగేళ్ళు పట్టింది కాబట్టి ఆ నాలుగేళ్ళూ నా గొప్పకు అడ్డులేదు.) విజయనగరం అవతలున్న ఆ బడిలో ఆరో తరగతిలో చేరాను. ఇన్నేళ్ళకు తిరిగి చూసుకుంటే, మా ఇంట్లో ఆ బడి ఒకటి కాదు, రెండు అనిపిస్తుంది. అమ్మకు తెలిసిన బడి వేరు, నాన్నకు తెలిసిన బడి వేరు. ఆ రెండింటినీ కట్టింది మాత్రం నేనే.

నాన్న మద్రాసు రేవులో పెద్ద బోట్ల మీద పనిచేసేవాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో రెండు నెలలు ప్రభుత్వం వేట ఆపేస్తుంది. అప్పుడే ఇంటికొచ్చేవాడు. చేపలకూ నాకూ సెలవులు ఒక్కసారే. బడి తెరిచే వారమే బోట్లూ సముద్రంలోకి వెళ్ళేవి. అందువల్ల నాన్న బడినెప్పుడూ చూడలేదు. నా నోటి వెంట విన్నాడు, అంతే. నేనేం తక్కువ తిన్నానా? ప్రార్థనలో వార్తలు చదివేది నేనేననీ, హెడ్ మేడం నన్ను పేరు పెట్టి పిలుస్తుందనీ, మంచాలు రైలుపెట్టెల్లా వరసగా ఉంటాయనీ చెప్పేదాన్ని. నాన్న వల అల్లుతూ చెయ్యి ఆపి మరీ వినేవాడు. "అలగా! మల్లీ సెప్పు," అనేవాడు.

అమ్మకు దొరికింది రెండో ఆదివారం బడి. నెలకొకసారి తల్లిదండ్రులను రానిచ్చేవారు. అమ్మ ఆ రోజు ఎండుచేపల గంప దించేసి, రెండు బస్సులు మారి, నెత్తళ్ళ చేపల వేపుడు డబ్బా పట్టుకుని వచ్చేది. సాయంత్రం గంట కొట్టగానే నేను అమ్మ చీర పట్టుకుని ఏడుపు లంకించుకునేదాన్ని. "నన్నట్టుకుపోవే, నానిక్కడ ఉండనే!" అని గేటు ఊచల్లోంచి చేతులు చాపేదాన్ని. అమ్మ ఏడుస్తూ వెళ్ళేది. బస్సు దిగి ఇల్లు చేరే దాకా ఏడుస్తూనే ఉండేదని తరువాత చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు. ఇక్కడో నిజం చెప్పుకోవాలి. అమ్మ మలుపు తిరిగిన పది నిమిషాలకు నేను డబ్బా మూత తీసి, స్నేహితురాళ్ళతో నెత్తళ్ళు పంచుకుని, వేళ్ళు నాక్కుంటూ ఖో ఖో ఆటకు పరిగెత్తేదాన్ని. ఏడుపు దొంగ ఏడుపు కాదు, దేవుడి మీద ఒట్టు. ఆటా దొంగాట కాదు.

ఏడో తరగతిలో, కార్తీక మాసం ముందు, అమ్మ ఇక తట్టుకోలేక నాన్నకు ఫోన్ చేసింది. "గుంట సిక్కి సగమైపోనాది. నువ్వొచ్చి అట్టుకొచ్చీ. సదువూ వొద్దు, ఏటీ వొద్దు," అంది. నాన్న నమ్మలేదు. ఆయనకు తెలిసిన బడిలో నేను మహారాణిని కదా! "నాను నా కల్లతో సూసి సెప్తాను. అది ఏడస్తే ఆ పూటే అట్టుకొచ్చెస్తాను," అన్నాడు. బోటు నడిపే సరంగును బతిమాలి, రెండు రోజులు సెలవు తీసుకుని రైలెక్కాడు. నేను బడిలో ఉండాలో, పేటకు తిరిగిపోవాలో ఆ ఒక్క రోజుతో తేలిపోవాలి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

నాన్న వచ్చిన రోజే మా బడంతా వనభోజనాలకు రామతీర్థం వెళ్ళింది.

పిల్లలు, టీచర్లు, వంటమనుషులు, గరిటెలు, గుండిగలు అన్నీ బస్సుల్లో ఎక్కేశాయి. బడిలో వాచ్‌మన్ తాత ఒక్కడే మిగిలాడు. నాలుగింటికల్లా వెనక్కి రావాలని ఏర్పాటు. పులిహోర తిన్నాక అందరూ గుడి మెట్ల దగ్గర ఆడుకుంటుంటే నాకొక బుద్ధి పుట్టింది. ఇంత ఎత్తు కొండ మీదినుంచి సముద్రం కనబడదా, సముద్రం కనబడితే మా పేట కనబడదా అని. ఎవరికీ చెప్పకుండా పైకెక్కాను. పాత ఇటుకల గోడలు దాటి, ఓ బండ మీద కూర్చుని తూర్పుకు చూశాను. పొలాలు, తాటిచెట్లు, ఆపైన తెల్లటి మసక. ఆ మసకే సముద్రమని నాకు నేనే చెప్పుకుని, మా ఇల్లెక్కడో వెతుకుతూ వెతుకుతూ నిద్రపోయాను. కింద హాజరు తీసుకుంటే ఒకరు తక్కువ. మేడం ఏడుపు ముఖంతో నలుగురిని నాలుగు దిక్కులకు పంపింది. గంటన్నర తరువాత పీఈటీ సారు నన్ను చెవి పట్టుకుని దించాడు. బస్సులు బడికి చేరేసరికి ఆరు.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత నన్ను చూసి నొసలు కొట్టుకున్నాడు. "ఓలమ్మా, మీ నాన్నొచ్చాడే! పొద్దున్నుంచీ ఈ గేటుకాడే కూసున్నాడు. నిన్నట్టుకుపోతానని వొచ్చినాడట. రైలుకి ఏలైపోతంటే అయిదున్నరకి ఎల్లిపోనాడు."

అరగంట తేడా. ఆ అరగంటను నేను కొండ మీద ఆయన ఇంటి కోసం వెతుకుతూ నిద్రపోయి పోగొట్టుకున్నాను.

ఖాళీ బడిలో నాన్న ఏం చేశాడో తాత చెప్పాడు. మా గది కిటికీలోంచి చూశాడట. వరసగా మంచాలు, మడిచిన దుప్పట్లు, తోమి బోర్లించిన పళ్ళాలు. నా రేకు పెట్టె బయటికి తెప్పించుకుని చూశాడట. పిడి ఊడిపోయి ఉంటే, జేబులోంచి నీలం వలతాడు తీసి, తాతతో కబుర్లాడుతూ కొత్త పిడి అల్లాడట. "బోటు మంచిదో కాదో తెలియాలంటే మనుసుల్ని సూడక్కర్లేదు మావా, తాళ్ళు సూత్తే సాలు. ఇక్కడన్నీ వొద్దికగా ఉన్నాయి. ఉండనీ," అని వెళ్ళిపోయాడట. నేను గదిలోకెళ్ళి ఆ పిడి పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆ రోజు పది నిమిషాల్లో ఆగలేదు.

అలా నేను బడిలో ఉండిపోయాను. అమ్మ మాత్రం నాన్నను క్షమించలేదు. వేసవి వేసవికీ అదే గొడవ. "పిల్లని సూడమంటే పెట్టిని సూసొచ్చినాడు మొగుడు!" అని పేటంతా చెప్పేది. "నాను సూసిన బడి బంగారం," అని నాన్న. "నాను సూసిన బడి కన్నీల్లు," అని అమ్మ. మధ్యలో కూర్చుని నేను నెత్తళ్ళు తినేదాన్ని.

ఇప్పుడు నేను అలాంటి మరో బడిలో టీచర్ని. అమ్మ పోయి మూడేళ్ళయింది. చూపు మందగించి నాన్న సముద్రం మానేశాడు. పోయిన నెల రెండో ఆదివారం నన్ను చూడడానికొచ్చాడు. సాయంత్రం గంట కొట్టారు. గేటు దగ్గర ఆరో తరగతి పిల్ల ఒకతె తల్లి కొంగు వదలడం లేదు. తల్లి ఆ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకుని, వెనక్కి చూడకుండా నడిచిపోయింది. నాన్న కన్నార్పలేదు.

"మీ యమ్మ సూసిన బడి ఇదేనేటే?" అన్నాడు.

"ఇదే నాన్నా."

"నిజమే సెప్పిందన్నమాట. నానే ఇనలేదు," అన్నాడు.

ఇంతలో ఆ పిల్ల ముక్కు తుడుచుకుని, డబ్బా తెరిచి, పక్కపిల్లతో ఏదో చెప్పి పకపకా నవ్వింది. నాన్న తెల్లబోయాడు. "అదేటే! అప్పుడే నవ్వెస్తన్నాది!"

"నేనూ అంతే నాన్నా. అమ్మ మలుపు తిరిగేదాకే."

"మీ యమ్మకి తెలుసా?"

తెలియదు. అయిదేళ్ళు నేను చెప్పలేదు. చెబితే రావడం మానేస్తుందేమో, నెత్తళ్ళు తేవడం మానేస్తుందేమో అని భయం. పెద్దయ్యాక చెప్పడానికి సిగ్గు. ఆ తరువాత చెప్పడానికి అమ్మ లేదు.

"ఒక్క మాట సెప్పుంటే, బస్సులో ఏడుపైనా తగ్గీది గదే దానికి," అన్నాడు నాన్న.

ఆ రేకు పెట్టె ఇప్పటికీ నా గదిలో ఉంది. రేకు తుప్పుపట్టింది గాని నాన్న అల్లిన పిడి చెక్కుచెదరలేదు. రెండో ఆదివారం వచ్చిన తల్లులను ఈమధ్య నేను గేటు దాకా సాగనంపుతున్నాను. మలుపు తిరిగేలోపు ఆపి, "అమ్మా, ఒక్క పది నిమిషాలు ఈ గోడ పక్కన నిలబడి, మీ పిల్లను చూసి వెళ్ళండి," అంటున్నాను. కొందరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. నిలబడినవాళ్ళు మాత్రం కళ్ళు తుడుచుకుని, కొంచెం కోపంగా, నవ్వుకుంటూ బస్సెక్కుతారు.