కార్తీకంలో విప్పిన క్యాప్సూల్

ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ సెక్టర్ 2లో ఉండే గణపతిరావు తాతకి గర్వకారణాలు రెండే. ఒకటి మీసం. రెండోది కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ని, అంటే పెద్ద ఇనప బానని, ఎత్తే క్రేన్ మీద ఆయన కుర్చీ. మీసానికి రంగు పూస్తే సరిపోయేది. కుర్చీకి ఆ సౌకర్యం లేకపోయింది. 1993లో కుడిచెయ్యి వణకడం మొదలైంది.

డాక్టర్ యజ్ఞనారాయణ ఆయన్ని క్రేన్ దింపించి, నెల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తానన్నాడు. అందులో తప్పితే కుర్చీ పోయినట్టే. చేతి వణుకుకి రోజూ వేసుకోమని ఓ కొత్తరకం క్యాప్సూల్ ఇచ్చాడు.

"మామూలు మందు కడుపులో ఎక్కువసేపు ఆగదు. ఇది ఉబ్బి, జిగురుముద్దలా తేలుతూ కొంచెం కొంచెంగా మందు వదుల్తుంది. తిన్నాక నీళ్లతో మింగండి."

"అంటే లాడిల్ ఒక్కపాలి బోర్లించీకుండా సన్నగా వంచినట్టన్నమాట!"

"అంతే."

ఇంత బాగా అర్థం చేసుకున్న మనిషి ఇంటికొచ్చి క్యాప్సూల్ చూసి జంకాడు. తొంభై టన్నులు ఎత్తేవాడికి బొటనవేలంత గొట్టం గొంతు దిగదని భయం. ఆదుకున్నది భార్య గున్నమ్మే.

"ఆ పైతొడుగు గొడ్డు ఎముకల్తో సేస్తారంట. కార్తీకమాసంలో అదేటి తినడం? పొడి అంబలిలో కలిపేస్తాను, తాగీండి."

"నువ్వు సెప్పేక తప్పుద్దేటే," అన్నాడు తాత. పుణ్యం ఆవిడ ఖాతాలోకి, భయం ఎవరికీ తెలియని చోటుకి పోయాయి.

రోజూ పొద్దున్న ఆవిడ తొడుగు విప్పేది, పొడిని చోడి అంబలిలో గిలక్కొట్టేది. తాగిన గంటకి చెయ్యి నిలిచేది, మెడ మాత్రం మెలికలు తిరిగేది. మధ్యాహ్నానికల్లా మళ్లీ వణుకే.

"క్యా దాదా, పొద్దున మెడతో, సాయంత్రం చేత్తో డాన్సా?" అనేవాడు ఫ్యాక్టరీలో క్రేన్ హెల్పర్ రాజేంద్ర.

"నీకు రెండు షోలూ ఫ్రీయేరా," అని నవ్వేవాడు తాత.

పరీక్ష మధ్యాహ్నం మూడు గంటలకు పెట్టారు. చాచిన చేతి మీద డాక్టర్ ఒక కాగితం పరిచాడు. అది గాలిపటంలా కొట్టుకుంది.

"క్యాప్సూల్ ఎలా మింగుతున్నారు?"

తాత చెప్పాడు.

"తేలడానికి కట్టిన ముద్దని మీరే చెదరగొట్టారు. మందంతా ఒక్కసారే బోర్లించేశారు. అందుకే పొద్దున ఎక్కువై మెడ తిరిగింది, మధ్యాహ్నానికి అయిపోయి చెయ్యి వణికింది."

కుర్చీ రాజేంద్రకి ఇచ్చారు. తాతని స్టోర్‌లో చేతితొడుగులు పంచమన్నారు. మర్నాటినుంచి ఆయన కళ్లు మూసుకుని క్యాప్సూల్ విప్పకుండా అలాగే మింగసాగాడు. అంత సులువుగా దిగుతుందని అప్పుడే తెలిసింది. కొన్నాళ్లకి సాయంత్రం దాకా చెయ్యి వణకడం మానేసింది.

గున్నమ్మ మురిసిపోయింది.

"సూసేరా? కార్తీకం నేను నిష్టగా సేసేను కాబట్టే నయమైంది."

తాత టీ గ్లాసు ఎత్తాడు. ఒక్క చుక్క తొణకలేదు.

"అవునే," అన్నాడు. "నీ నిష్టే."