గెలిచినవాళ్ల ట్రే

కెనడాలోని సస్కటూన్‌లో మా అమ్మాయి, మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆట గెలిచి, ఓడిన జట్టుకు హాట్ చాక్లెట్ ట్రేలో పట్టుకెళ్తోంది. "విన్నర్సే కొనివ్వాలి మమ్మీ, ఎప్పుడూ అదే రూల్," అంది. తడిసిన ఉన్ని గ్లవ్స్ వాసన గుప్పుమంది.

నా చిన్నప్పుడు, ఇక్కడే ఏటా జరిగే ప్రాంతీయ టోర్నమెంటులో అమ్మ ఆడవాళ్ల జట్టులో ఆడింది. జారిపోయే రాయికి ముందు పరుగెడుతూ, బ్రష్‌తో మంచును రుద్దడం ఆమె పని. స్కోరు చూడటం నాకప్పటికి రాదు. ఆట అయ్యాక, కూర్చున్న ఎదుటి జట్టుకు అమ్మ బీరు గ్లాసులు అందిస్తోంది. ఓడినవాళ్లు వడ్డించాలి కాబోలనుకున్నాను. అప్పుడే మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన నాన్న ముఖం మాడ్చుకున్నాడు.

"ఊడ్చింది చాల్లేదా, బీర్లు కూడా మోస్తున్నావా? పద ఇంటికి."

కారులో అమ్మ తడి గ్లవ్స్ తియ్యనే లేదు. ఆ చేతిని పట్టుకుని, "పర్లేదమ్మా, వచ్చే ఏడు గెలుద్దువుగానీ," అన్నాను.

"అలాగేలే," అంది కిటికీలోంచి చూస్తూ.

అమ్మ గెలిచిందని ఆ కారులో తెలిసింది అమ్మ ఒక్కదానికే. మరుసటి చలికాలం ఆమె ఆడలేదు. ఆ బ్రష్‌తో నాన్న రోజూ పొద్దున్నే కారు మీది మంచు దులుపుకునేవాడు.