బుధవారం మధ్యాహ్నం నా టేబుల్ దగ్గర కూర్చున్నది

దెయ్యాల సంగతులు చెప్పేవాళ్లంటే నాకు మొదట్నుంచీ ఒళ్లు మంట. క్యాంటీన్లో ఎవరైనా మొదలుపెడితే టీ సగంలో వదిలేసి లేచిపోయేదాన్ని. మా నాన్న విశాఖ స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు చేసే మనిషి. ఏ వేళప్పుడో కూర్మన్నపాలెం జంక్షన్లో దిగి ఒక్కడే నడిచొచ్చేవాడు. కుక్కలు తప్ప ఆయన వెంట ఇంకేవీ పడలేదు.

ఇది చదివి నన్ను కూడా ఆ కథలు చెప్పేవాళ్లలో కలిపేస్తారని తెలుసు. కలుపుకోండి.

నేను ఆర్కిటెక్చర్ నాలుగో ఏడులో ఉన్నప్పటి మాట. మూడో ఏడు డిజైన్ స్టూడియో నాకు పోయింది. మా దగ్గర స్టూడియో పోతే పరీక్ష ఇంకోసారి రాసి బయటపడ్డం కుదరదు. జూనియర్లతో కూర్చుని టర్మంతా మళ్లీ షీట్లు గియ్యాలి. మన బ్యాచ్ క్లాసులు మనకి ఎలాగూ ఉంటాయి.

టర్మ్ మొదలైన రోజు టైమ్‌టేబుల్ గ్రూపులో పెట్టారు. బుధవారం మధ్యాహ్నం పై అంతస్తులో మా బ్యాచ్‌కి స్ట్రక్చర్స్ క్లాసు. సరిగ్గా అదే టైముకి కింద జూనియర్లకి స్టూడియో. ఏ ఒక్కదాంట్లో హాజరు తగ్గినా డిటైన్ చేస్తారు. అంటే ఏడాది గోవిందా. అప్పటికే స్టూడియో పోయిందని ఇంట్లో చెప్పడానికి నానా తంటాలూ పడ్డాను, ఇంకో ఏడాది కూడా పోయిందని చెప్పే మొహం నాకు లేదు.

హెచ్ఓడీ మేడమ్ దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాను. ఆవిడ ఫోన్లోంచి తలెత్తలేదు. "నీ ఒక్కదాని కోసం టైమ్‌టేబుల్ మార్చమంటావా? ఫెయిలయినప్పుడు తెలీలేదా? రెండు చోట్లా కూర్చో," అంది. బయటికొచ్చాక ఆవిణ్ణి తిట్టని తిట్టు లేదు.

స్ట్రక్చర్స్ సార్ తలలు లెక్కపెట్టే రకం. అక్కడ కుదరదు. అందుకని మా కాలేజీలో ఇలాంటప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. స్టూడియోలో నా పక్క టేబుల్ సంధ్యని ప్రాక్సీ చెప్పమన్నాను, అంటే హాజరు పిలిచినప్పుడు నా బదులు పలకమని. సంధ్యది జాలారిపేట. వాళ్ల నాన్నకి బోటుంది. మాట కటువే గానీ మంచి పిల్ల, సరేనంది.

మొదటి బుధవారం క్లాసయ్యాక కిందికి దిగి థాంక్స్ చెప్పబోయాను. తను నా వైపు చూడకుండా షీట్ చుట్టుకుంటోంది.

"నాను ప్రాక్సీ సెప్పనేదక్కా. నువ్వొచ్చావు కదా," అంది. "వచ్చినదానివి నీ టేబుల్ కాడ కూకోక, నన్ను స్టూల్ మీంచి నెట్టేసావేటి? నానేటి సేసాను నీకు?"

మోచెయ్యి చూపించింది. గీరుకుపోయి ఎర్రగా ఉంది.

ఆటపట్టిస్తోందనుకున్నాను. కానీ కళ్లల్లో నీళ్లు పెట్టుకుని ఆటపట్టించే పిల్ల కాదది. ఆ టైమంతా నేను పైన రెండో బెంచీలో ఉన్నాను. సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి లెక్క కూడా చేయించాడు, మా బ్యాచ్ అంతా చూసింది.

తర్వాత మా స్టూడియో సార్ కారిడార్లో ఆపాడు. "పలకరిస్తే మాట్లాడవు, ఉరిమి చూస్తావు. ఏంటా పొగరు?" అన్నాడు. నేను రాలేదని చెబితే హాజరు పోతుంది. వచ్చానని చెబితే ఆ పొగరు నాదే అవుతుంది.

మా బ్యాచ్‌లో ఒకత్తెకి చెబితే పడీపడీ నవ్వింది. ఊరికే హాజరు వస్తుంటే ఏడుస్తావేంటే, నోర్మూసుకుని ఉండు అంది. కొన్ని వారాలు నిజంగానే నోర్మూసుకుని ఉన్నాను.

ఈలోగా కింద జూనియర్లు నన్ను చూస్తే మాటలు ఆపెయ్యడం మొదలైంది. ఒకడి మోడల్ని నేను అరచేత్తో నొక్కి పప్పు చేసేశానట. ఇంకో అమ్మాయి డ్రాయింగ్ మీద ఇంకు ఒలికించి, అది ఏడుస్తుంటే నిలబడి చూశానట. అన్నీ బుధవారాలే. మిగతా రోజుల్లో స్టూడియోకి వెళ్తే నా టేబుల్ చుట్టూ ఖాళీ. సంధ్య కూడా తన టేబుల్ దూరంగా జరుపుకుంది. నేను కాదర్రా అని అరవాలనిపించేది. అరిస్తే ఎవడు నమ్ముతాడు?

చివరికి ఒక బుధవారం ఇక తట్టుకోలేక, కడుపునొప్పని చెప్పి స్ట్రక్చర్స్ మధ్యలో లేచి కిందికి దిగాను. పట్టపగలు. కిటికీలన్నీ తెరిచున్నాయి, ఎండ నేల మీద పడుతోంది. లోపల ఒక్కరూ తలెత్తట్లేదు.

నా టేబుల్ దగ్గర ఎవరూ లేరు. స్టూల్ వెనక్కి జరిపి ఉంది. కూర్చుంటే వెచ్చగా తగిలింది.

"ఇప్పుడే కదా విసురుగా బయటికి పోయావు, అప్పుడే వచ్చావా?" అన్నాడు సార్.

టేబుల్ మీద పూర్తయిన షీటొకటి ఉంది. ఆ టర్మ్‌లో మాకిచ్చిన పని, ఎవరింటిని వాళ్లు టేపుతో కొలిచి ప్లాన్ గియ్యడం. నేను అప్పటికింకా మొదలే పెట్టలేదు. ఆ షీట్లో ఉన్నది మా ఇల్లే. తాపీమేస్త్రీ తప్పువల్ల మా వంటింటి గోడ ఒక పక్కకి వంకరపోయింది. ఆ వంకర ఉంది. మూలల్లో గీతలు ఒకదాన్నొకటి కొంచెం దాటి ఉన్నాయి, నేను గీసేదీ అలాగే.

వంటింటి వెనక నా గది లేదు. తలుపుండాల్సిన చోట నిండు గోడ. దాని అవతల ఖాళీ దొడ్డి. చెరిపిన గుర్తయినా లేదు, అసలు అక్కడ గదంటూ ఎన్నడూ లేనట్టే గీశారు. షీట్ కింద పేరు రాసే గడి మాత్రం ఖాళీగా వదిలేశారు.

ఇంటికి పట్టుకెళ్లి మా అమ్మ ముందు పరిచాను. అది నేను గీసింది కాదని చెప్పలేదు. తను కళ్లజోడు పెట్టుకుని వేలితో గోడల వెంట చూసుకుంటూ పోయింది.

"అచ్చం మనిల్లేనే. వంటింటి గోడ వంకర కూడా ఏసేసావ్. ఎంత బాగా గీసావో," అంది.

"ఏదీ తక్కువ లేదా?"

"ఏటి తక్కువ? అన్నీ ఉన్నాయి."

"మరి నా గదేదమ్మా?"

"నీ గదా?" అని ఆగింది. షీట్ వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. ఎవరి గురించి అడుగుతున్నానో గుర్తుచేసుకుంటున్న చూపది. ఎంతసేపటికో తేరుకుని, "ఆ, అవునే, మర్సిపోయావేటి?" అంది. నేను ఆ గదిలోకెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

సబ్మిషన్ రోజు సార్ ఆ షీట్ పట్టుకుని మొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు. "ఇన్నాళ్లకి చేతికి పని చెప్పావు. పేరు రాసి ఇచ్చెయ్, పాసవుతావు," అని తన పెన్నే ఇచ్చాడు. నేను సొంతంగా గీసింది సగం కూడా కాలేదు. ఇక టైమ్ లేదు.

పెన్ను ఆ గడి మీదే పెట్టాను. నిజం చెప్తున్నా, రాసేద్దామనే అనుకున్నాను. అప్పుడు వెనక ఎవరో స్టూల్ లాగిన చప్పుడైంది. తిరిగి చూస్తే జూనియర్లందరూ గోడవారన నిలబడి ఉన్నారు, ఒక్కరూ కూర్చుని లేరు. మా అమ్మ చూపు గుర్తొచ్చింది, నా గది లేని ఆ ఇంటి కింద నా పేరు రాయడానికి మనసు ఒప్పలేదు. పెన్ను తిరిగిచ్చేసి, ఇది నేను గీసింది కాదు సార్ అన్నాను. ఆయన నవ్వాడు, తర్వాత కేకలేశాడు, చివరికి సున్నా వేశాడు.

ఏడాది పోయింది. నాన్న చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడు టైమ్‌టేబుల్‌లో ఏ రెండు క్లాసులూ ఒకే టైముకి పడలేదు. బుధవారాల గురించి మళ్లీ ఎవరూ ఏమీ అనలేదు. ఆ వచ్చిందెవరో, నా మీద అంత కక్ష ఎందుకో, ఆ షీట్ ఎవరు గీశారో ఈ రోజుకీ నాకు అంతుబట్టలేదు. పిచ్చిదానివే, పాసయ్యే షీట్ వదులుకున్నావని మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది. పేరు పెట్టి పిలిచి మరీ తిడుతుంది. తిట్టనీ అని వింటూ కూర్చుంటాను.