ఇయ్యాల ఏం వారం

మా తమ్ముడికి మూలకణాలు ఇచ్చింది నేనే. అందుకే మేముండే మట్టెవాడలో ఇప్పటికీ నన్ను చూస్తే, తమ్ముణ్ని బతికించుకున్నవాడు అంటారు. వాళ్లకు తెలియనిది ఇక్కడ రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఆ కణాల మార్పిడి జరిగిన అయిదో వారంలో వాణ్ని ఇంటికి పంపారు. జ్వరం వచ్చినా, మాట తేడాగా ఉన్నా వెంటనే ఫోన్ చేయమన్నారు. ఇల్లు చేరిన మర్నాడు అన్నం తింటూ వాడు అడిగాడు.

"అన్నా, ఇయ్యాల ఏం వారం?"

"బుధవారం."

చారు పోసుకునేలోపు మళ్లీ అదే ప్రశ్న. మూడోసారి కూడా. చిన్నప్పటి నుంచి వాడికి ఇదొక ఆట. అడిగిందే అడిగి, నాకు కోపం వచ్చాక నవ్వేవాడు.

"ఏం వారమైతే ఏందిరా, అంగడికి పోతవా?" అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

సాయంత్రం వాడి భార్య, నా మరదలు, వచ్చి, "బావా, మీ తమ్ముడు జర తేడగ ఉన్నడు. గోలి ఏసుకున్నంక మళ్ల గోలి అడుగుతాండు. డాక్టర్‌కు ఫోన్ చేద్దాం," అంది.

"వాని ఏశాలు నాకు తెల్వయా? నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను. నిజానికి, ఫోన్ చేస్తే మళ్లీ రమ్మంటారని భయం. ఆ ఆసుపత్రి కుర్చీలో ఇంకో నెల కూర్చోవడం నా వల్ల కాదనుకున్నాను.

గురువారమంతా వాడు గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. శుక్రవారం పొద్దున చేతిలో గ్లాసు జారింది, ఆ వెంటే ఫిట్స్ వచ్చాయి. అంబులెన్స్‌లో హైదరాబాద్ తీసుకెళ్లాం.

"ఎప్పటి నుంచి ఇట్ల ఉన్నడు?" డాక్టర్ అడిగారు.

"పొద్దున నుంచి," అన్నాను. మరదలు నా ముఖం చూసి తల దించుకుంది.

వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. చిన్నప్పుడే దాదాపు అందరి ఒంట్లో చేరి నిద్రపోయే వైరస్ ఒకటి ఉంటుందట. మార్పిడి తర్వాత అడ్డుకునే శక్తి లేక అది లేచిందని, మెదడులో జ్ఞాపకాలు నిలిచే చోటును దెబ్బ తీసిందని చెప్పారు.

ప్రాణం నిలిచింది. పాతవన్నీ వాడికి గుర్తున్నాయి. కొత్తది ఏదీ పూట కూడా నిలవదు. రెండు రోజుల ముందే తీసుకెళ్తే ఎంత మిగిలేదో ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

మొన్న ధైర్యం చేసి, మరదలి ముందే, వాడికి అంతా చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "పోనీ అన్నా, నీకేం తెల్సు," అంటూ నా భుజం మీద చేయి వేశాడు.

చాయ్ తాగి కప్పు కింద పెట్టి, ఏమీ విననట్టే అడిగాడు. "అన్నా, నాకేమైంది? ఎప్పుడు తీస్కపోయినవ్ దవాఖానకు?"

మరదలు నావైపే చూస్తోంది.

"ఎంటనే తీస్కపోయిన," అన్నాను.