ప్రనోమ్ అక్క చేతి వాల్వులు

మూడో నంబరు మెషీను మీద ప్రనోమ్ అక్క పంతొమ్మిదేళ్లు పని చేసింది. నేను ఆ లైనులో చేరేసరికే ఆమె కూర్చునే కుర్చీ మధ్యలో గుంట పడి ఉండేది. కొత్త కుర్చీ ఇస్తామంటే వద్దంది. ఎత్తు మారితే చెయ్యి మారుతుందంది.

మేము చేసేది స్టీరింగు వాల్వులు. బండి స్టీరింగు చక్రం తేలిగ్గా తిరగడానికి నూనె ఒత్తిడి సాయం చేస్తుంది. ఆ నూనెను ఎడమకో కుడికో పంపేది ఈ వాల్వే. అరచేతిలో పట్టేంత ఉంటుంది. లోపల ఒక షాఫ్టు, దాని నడుమ పెన్సిలంత సన్నని ఉక్కు కడ్డీ. వాల్వును మెషీనులో బిగించి, వేడి నూనె వదిలి, షాఫ్టును వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ రెండు వైపులా ఒత్తిడి సమానంగా ఉండే చోటు వెతకాలి. దొరికిందనుకున్నాక మీట నొక్కితే డ్రిల్లు దిగి షాఫ్టుకీ కడ్డీకీ కలిపి రంధ్రం వేస్తుంది, వెంటనే అందులో పిన్ను దిగుతుంది. ఆ తర్వాత ఇక మార్చడానికి లేదు. తప్పిన వాల్వు బండిలో పడితే, నడిపేవాడు చక్రం తిన్నగా పట్టుకున్నా బండి ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది.

మెషీను తెర మీద ఎర్ర గీత ఒకటి, నీలి గీత ఒకటి వస్తాయి. రెండూ కలిసిన చోట సున్నా. మేమంతా తెర చూసి మీట నొక్కేవాళ్లం. అక్క తెరను ఆఖరున చూసేది. ఎడమ చేతి బొటనవేలు ఒక నూనె గొట్టం మీద, నడిమివేలు రెండో గొట్టం మీద ఆనించి, కుడి చేత్తో షాఫ్టు తిప్పేది.

“రెండూ ఒకేసారి బిగుసుకోవాలి పిల్లా. ఒకటి ముందు బిగుసుకుందంటే నడుమ ఇంకా రాలేదన్నమాట.”

“నా వేళ్లకి ఏమీ తెలియడం లేదక్కా.”

“ఇప్పుడే ఎలా తెలుస్తుంది? ఈలోగా తెర చూసుకో.”

ఒకటో నంబరు మెషీను మీద ఉండే కమ్‌సింగ్ అన్న ఊరుకునేవాడు కాదు. “ఏయ్ మొట్, అక్క నీకు వాల్వులు నేర్పుతోందా, నాడి చూడటం నేర్పుతోందా? ఇద్దరూ కలిసి గుడి ముందు వైద్యం దుకాణం పెట్టుకోండి.”

“నీ నాడి ఎప్పుడో చూశాన్రా,” అనేది అక్క తల తిప్పకుండా. “అబద్ధం ఆడినప్పుడల్లా కుడిపక్కన కొట్టుకుంటుంది. రోజంతా కొట్టుకుంటూనే ఉంటుంది.”

మా భాషలో మొట్ అంటే చీమ. ఇంట్లో నాకు పెట్టిన పేరు అదే, ఫ్యాక్టరీలోనూ అదే మిగిలింది. తొమ్మిదో తరగతితో బడి మానేసి, ఫ్యాక్టరీ పని కోసం చోన్‌బురి వచ్చాను. ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు కాబట్టి నన్ను అక్క పక్క మెషీను మీద వేశారు. ఆమెకి మాటలు చెప్పేవాళ్లు పక్కన ఉంటే చిరాకు.

అక్కది సీసాకెట్ అవతల పల్లె. భర్త లారీ నడిపేవాడు. ఎనిమిదేళ్ల కిందట కాళ్లు పడిపోయి మంచం పట్టాడు. ఫ్యాక్టరీ వెనక వరస గదుల్లో ఒకదానిలో ఉండేవాళ్లు. పొద్దున్నే ఆయనకు ఒళ్లు తుడిచి, తినిపించి, తాగే నీళ్లు చేతికందేలా పెట్టి, జిగట అన్నం పొట్లం పట్టుకుని షిఫ్టుకి వచ్చేది. ఎన్ని లక్షల వాల్వులు చేసిందో లెక్కలేదు. తాను మాత్రం ఒక్కసారి కూడా స్టీరింగు పట్టుకోలేదు.

ఏప్రిల్‌లో మా కొత్త ఏడాది పండగ సోంక్రాన్. ఆ సెలవులకు ముందు మా అందరినీ క్యాంటీనులో కూర్చోబెట్టి చెప్పారు. కొత్త బళ్లలో నూనె ఉండదు, స్టీరింగుని కరెంటు మోటారే తిప్పుతుంది. ఆరు మెషీన్లలో నాలుగు తీసేస్తారు. పాత బళ్లకి విడిభాగాలు చేయడానికి రెండే ఉంచుతారు. పద్నాలుగు మందిలో నలుగురు మిగులుతారు. చివరి పరీక్ష బల్ల మీద ఎవరి వాల్వులు ఎంత సరిగ్గా వస్తున్నాయో మూడు నెలలు చూసి ఆ నలుగురినీ ఎంచుతారు.

ముప్పై అయిదు దాటినవాళ్లు కొత్తగా పని అడగడానికి వస్తే ఇక్కడ ఏ ఫ్యాక్టరీ కూడా గేటు దాటనివ్వదు. అక్కకి నలభై ఆరు. ఆ నలుగురిలో ఉండటం తప్ప ఆమెకి ఇంకో దారి లేదు. “ఉంటావులే అక్కా,” అన్నాడు కమ్‌సింగ్ అన్న ఆ రోజు, వేళాకోళం లేకుండా. “నిన్ను తీసేస్తే మెషీనే నడవనంటుంది.”

అందరం అదే అనుకున్నాం. అక్క కూడా.

మా లైనులో గురువు అని ఒక వాల్వు ఉండేది. అన్ని కొలతలూ సరిగ్గా ఉన్న వాల్వు అది. ఎర్ర మఖ్‌మల్ పరిచిన పెట్టెలో ఉంచేవాళ్లం. రోజూ పొద్దున అందరం కలిసి చేసే కసరత్తు అయ్యాక దానికి దండం పెట్టి, ఒక్కో మెషీనులో బిగించి తెర సున్నాని సరిచేసుకునేవాళ్లం. చివరి పరీక్ష బల్ల సున్నా కూడా దానితోనే. దానికి దెబ్బ తగిలితే ఎర్ర చీటీ కట్టి కొలతల గదికి పంపాలి. అది తిరిగి వచ్చేదాకా ఆరు మెషీన్లూ ఆగిపోవాలి.

సెలవుల తర్వాత మొదటి వారంలో కార్ల కంపెనీవాళ్లు లైను చూడటానికి వచ్చారు. మా లీడర్ సథాపోన్ పెద్ద చదువు చదివి వచ్చిన ఇరవై తొమ్మిదేళ్ల అబ్బాయి. లీడర్ అయి రెండు నెలలు కాలేదు. వచ్చినవాళ్లకి చూపించడానికి గురువును తానే తీసి తుడుస్తున్నాడు. చేతికి నూనె ఉందేమో, జారింది. నేల మీద పడకముందే పట్టుకున్నాడు కానీ, బల్ల అంచుకు కొట్టుకున్న చప్పుడు వినబడింది. ఆయన చుట్టూ చూశాడు. దగ్గర ఉన్నది అక్కా నేనూ మాత్రమే. అక్క వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ తాడు ఊడలేదు. నేను గోడ గడియారం చూశాను.

“ఏం కాలేదు,” అని తనలో తను అనుకుని ఆయన దాన్ని పెట్టెలో పెట్టేశాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర అడిగాను. “చెబుదామా అక్కా?”

“ఎవరికి? ఆయన పైవాళ్లకా? బయటివాళ్లు వచ్చి కూర్చుని ఉండగానా? ఆ కుర్రాడి పరువు ఏమైపోతుందే?”

“మరి?”

“వాళ్లు వెళ్లాక తనే చెబుతాడు. చదువుకున్నవాడు కదా.”

వాళ్లు వెళ్లారు. ఆయన చెప్పలేదు. మర్నాడు మామూలుగానే గురువుకు దండాలు పెట్టి, దానితోనే ఆరు మెషీన్లకీ సున్నా పెట్టుకున్నాం.

ఆ రోజు నుంచే అక్క చెయ్యి మారడం చూశాను. తెర మీద గీతలు సున్నా దగ్గర కలిసేవి. ఆమె ఆగేది కాదు. షాఫ్టును ఇంకో వెంట్రుకవాసి కుడికి జరిపి, అప్పుడు మీట నొక్కేది.

“తెర సున్నా అంటోంది కదక్కా.”

“తెర గురువు చెప్పిందే చెబుతుంది. దెబ్బ తగిలింది గురువుకి. గొట్టాలకి కాదుగా.”

“అయితే మనవన్నీ ఎడమకి పోతున్నాయా?”

“మెల్లిగా మాట్లాడు.”

పరీక్ష బల్ల కూడా ఆ గురువు మాటే వినేది. అందుకని మా తప్పు వాల్వులు దాని మీద చక్కగా సున్నా చూపించేవి, అక్క సరైన వాల్వులు కుడికి తప్పినట్టు చూపించేవి. వాటిలో హద్దు దాటినవి రోజుకు పది పన్నెండు ఆమె పేరున పనికిరానివి వేసే ఎర్ర డబ్బాలోకి పోయేవి. గోడ మీద వేలాడదీసిన పట్టీలో అందరి చుక్కలూ మధ్య గీత మీద ఉండేవి. ప్రనోమ్ అన్న పేరు దగ్గర చుక్కలు వారం వారం పక్కకి ఒరిగేవి.

మే నెలాఖరున ఒక రోజు బతిమాలాను. “సున్నా దగ్గర ఆపెయ్యక్కా. జాబితా వచ్చేదాకానే కదా. తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో.”

“ఆపుదామనే కూర్చుంటానే రోజూ. చెయ్యి పోతుంది.”

మర్నాడు పొద్దున మాత్రం ఆపింది. గొట్టాల మీద వేళ్లు పెట్టలేదు. మా అందరిలాగే తెర చూసి మీట నొక్కుతూ పోయింది. పట్టీలో ఆమె చుక్క తిన్నగా మధ్యకు వచ్చింది. కమ్‌సింగ్ అన్న ఈల వేశాడు. “అక్క కళ్లద్దాలు దొరికాయిరోయ్!” అక్క నవ్వలేదు. మధ్యాహ్నం అన్నం పొట్లం విప్పి, ఒక ముద్ద చేసి, నోట్లో పెట్టుకోకుండా పట్టుకుని కూర్చుంది.

“పొద్దుట్నుంచి నూట ఎనభై,” అంది. “వాటిని ఎవరో నడుపుతారు మొట్. ఎవరో పిల్లల్ని ఎక్కించుకుంటారు.”

మధ్యాహ్నం నుంచి మళ్లీ వేళ్లు గొట్టాల మీదికి వెళ్లాయి.

జూన్‌లో సథాపోన్ ఆమె మెషీను దగ్గరికి వచ్చాడు. చేతిలో పట్టీ ఉంది.

“అక్కా, ఏమైంది? ఇన్నేళ్లలో మీ పని ఎప్పుడూ ఇలా లేదట. కళ్లు చూపించుకున్నారా?”

“చూపించుకుంటాను లీడర్ గారూ.”

“పని మీద మనసు పెట్టండి. ఇది నా చేతిలో లేదు, పైవాళ్లు పరీక్ష బల్ల లెక్కలే చూస్తారు.”

“అవును లీడర్ గారూ.”

ఆయన వెంటనే వెళ్లలేదు. పట్టీ మడిచాడు, విప్పాడు. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని ఉంది. ఆ దెబ్బ సంగతి ఆయన నోటి నుంచి రావాలని చూస్తోందని నాకు తెలుసు. ఆయనకి గుర్తుందో, మరిచిపోయాడో, గుర్తుండే నిలబడ్డాడో ఈనాటికీ తెలియదు. నేను పక్కనే పిన్నులు లెక్కపెడుతున్నాను. నలభై దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఆయన వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగే ముందు ఆయన బల్ల దగ్గరికి వెళ్లాను. చెప్పాల్సింది నాలుగు మాటలు. దారంతా అనుకుంటూ వెళ్లాను.

“ఏంటి మొట్?”

“మంచినీళ్ల డబ్బా ఖాళీ అయింది లీడర్ గారూ,” అన్నాను.

“సరే, చెబుతాలే,” అన్నాడు.

జూలైలో క్యాంటీనులో జాబితా చదివారు. మొదటి రెండు పేర్లు వెనక మెషీన్ల మీద పని చేసే మగవాళ్లవి. మూడోది కమ్‌సింగ్ అన్నది. నాలుగోది నాది. నా పేరు వినగానే ముందు చప్పట్లు కొట్టింది అక్క. లేచి వచ్చి నా తల నిమిరింది. ఆమె వేళ్ల నుంచి మా అందరి వేళ్లలాగే నూనె వాసన వచ్చింది.

“బాగా చెయ్యి,” అంది. “ఆ కుర్చీ మార్చుకో. నీకు ఎత్తు చాలదు.”

ఆఖరి రోజున ఆమె మెషీనంతా గుడ్డతో తుడిచి, దాని ముందు చేతులు జోడించి నిలబడింది. కమ్‌సింగ్ అన్న ఏదో వేళాకోళం మొదలుపెట్టి, సగంలో ఆపి, బయటికి వెళ్లిపోయాడు.

ఆగస్టులో కబురు వచ్చింది. కార్ల కంపెనీ ఆవరణలో నిలిపిన బళ్లు తోలి చూస్తుంటే ఎడమకి లాగుతున్నాయట, అన్నీ కాదు, ఎక్కువ భాగం. అప్పుడు గురువును కొలతల గదికి పంపారు. దాని అంచున గోటి కొనంత సొట్ట ఉంది. ఎవరు పడేశారని ఎవరూ అడగలేదు. సథాపోన్ అప్పటికే కొత్త మోటార్ల లైనుకు వెళ్లిపోయాడు. సోంక్రాన్ తర్వాత చేసిన వాల్వులన్నీ వెనక్కి తెప్పించారు, బళ్లకి బిగించినవి కూడా విప్పించారు. పెట్టెలు పెట్టెలుగా వచ్చాయి. ఒక్కో వాల్వు మీద మెషీను నంబరు చెక్కి ఉంటుంది. నేను రెండు రోజులు ఆ పెట్టెలు మోశాను. మూడో నంబరువి చేతికి తగులుతూనే ఉన్నాయి.

కొలతల గది మనిషితో అప్పుడు అన్నాను. “సార్, మూడో నంబరువి వేరుగా చూడరా? అవి లాగవు. నూట ఎనభై తప్ప మిగతావన్నీ బాగున్నాయి.”

ఆయన నా వైపు వింతగా చూశాడు. “నీకెలా తెలుసు?”

చెప్పాను. గురువు బల్లకి తగలడం, అక్క చెయ్యి, అంతా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

“అప్పుడెందుకు చెప్పలేదు?” అన్నాడాయన. నేను పెట్టె మూత సరిచేశాను. “తేదీ ప్రకారమే తీసేయమన్నారు పిల్లా. ఎవరు చేశారన్నది చూడం.” అన్నీ కలిపి యంత్రంలో వేసి నలిపేశారు.

ఆదివారం నాడు అంగ్‌సిలా వెళ్లాను. అక్క అక్కడ సముద్రపు ఒడ్డున ముత్యపు చిప్పలు పగలగొట్టి లోపలి మాంసం తీసే పనికి కుదిరింది. చిన్న సుత్తి, ఇనప కొక్కెం, కాళ్ల ముందు చిప్పల గుట్ట. వేళ్లకి గుడ్డ పీలికలు చుట్టుకుంది. కొన్నింటికి రక్తం అంటి ఉంది. నన్ను చూసి ముందు అడిగింది, “తిన్నావా?” అని. తర్వాత, “నా కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు?”

“నేనేనక్కా.”

“మంచిది.”

బళ్లు ఎడమకి లాగిన సంగతి చెప్పాను. ఆమె సుత్తి ఆపకుండా విన్నది.

“మూడో నంబరువి?”

“లాగలేదు.”

సుత్తి ఆగింది. ఆమె ముఖంలో ఎన్నో నెలలుగా లేనిది ఏదో వచ్చింది. “మరి అవి బళ్లలోనే ఉన్నాయిగా,” అంది. “తిరుగుతూ ఉంటాయి.”

అవునని ఉంటే సరిపోయేది. చెప్పకుండా ఉండటం నాకు బాగా వచ్చు. ఆ రోజు మాత్రం చెప్పేశాను. తేదీ ప్రకారం ఏరడం, పెట్టెలు మోయడం, నలిపేయడం.

అక్క సుత్తిని ఒళ్లో పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్లు పాట పెట్టుకుని పని చేసుకుంటున్నారు.

“ఇదొక్కటి చెప్పకుండా ఉండలేకపోయావా పిల్లా?” అంది.

తర్వాత ఇంకో చిప్ప తీసుకుంది. గంపెడు పని ఇంకా మిగిలి ఉంది. ఇంట్లో భర్తకి మధ్యాహ్నం నీళ్లు అందించాలని తొందరగా కొడుతోంది. నేను పక్కన కూర్చుని చిప్పలు అందిస్తూ ఉన్నాను. ఆమె నా వైపు చూడకుండా ఒక్కొక్కటే తీసుకుంది.