మాస్టారు తెచ్చిన పురుగులు

మొన్న గురువారం పొద్దున ఏలూరు ఆసుపత్రి నుంచి పిన్నిగారు ఫోను చేశారు. "మీ మాస్టారు వెళ్ళిపోయారు బాబూ" అన్నారు. ఆవిడ మాస్టారి భార్యే గానీ నాకు సొంత పిన్ని కాదు, ఆయన నాకు పాఠం చెప్పిన మాస్టారూ కాదు. తాడేపల్లిగూడెంలో జువాలజీ లెక్చరరుగా పనిచేసి, రిటైరయ్యాక కొల్లేటి ఒడ్డున ఉన్న మా ఊరొచ్చి మా పక్కింట్లో దిగారు. అది మా అదృష్టం. ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. ఆయన్ని తలుచుకుని నవ్వకుండా ఉండడం మా ఊళ్ళో ఎవరి వల్లా కాదు.

మా ఊరి కష్టమల్లా గుర్రపుడెక్క, నీటిమీద అల్లుకునే కలుపు. మా పొలాల నీటిని కొల్లేట్లోకి తీసుకెళ్ళాల్సిన మురుగుకాలవ నిండా అదే. ఊదారంగు పూలతో ఫొటోలు తీసుకునేవాళ్ళకి ముచ్చటగానే ఉండేది. వాన పడితే మాత్రం నీరు కదలక, నాట్లు వేసిన చేలు మునిగి కుళ్ళిపోయేవి. కూలీల్ని పెట్టి లాగిస్తే, వాళ్ళు ఒడ్డెక్కి చేతులు కడుక్కునేలోగా మళ్ళీ అల్లుకుందా అనిపించేది. చివరికి కలుపుమందు కొట్టిద్దామనుకున్నారు. ఆ నీరు కింద చేపల చెరువులకీ వెళుతుందన్న దిగులున్నా, వేరే దారి కనబడలేదు.

"నాకు కొంచెం గడువివ్వండి. దాన్ని తినే పురుగులున్నాయి, తెస్తాను" అన్నారు మాస్టారు.

తెచ్చారు. ఏదో పరిశోధన కేంద్రంలో అడిగి తెచ్చుకున్న ప్లాస్టిక్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని తాడేపల్లిగూడెంలో బస్సెక్కారట. పక్కనున్నావిడ అది చూసి, "ద్వారకా తిరుమల వెళ్ళొస్తున్నారాండీ? కాస్త ప్రసాదం పెట్టండి" అని చెయ్యి చాపిందట. ఈయన మూత తీసి చూపించారట. "ఏలూరు దాకా సీటంతా నాదేనయ్యా, కాళ్ళు బారజాపుకుని వచ్చాను" అని ఎంతమందికి చెప్పుకున్నారో!

వరి పండించేవాళ్ళకి పురుగంటే పురుగే. "గుర్రపుడెక్క అయిపోయాక మా చేల మీద పడవని ఏంటండీ నమ్మకం?" అని నిలదీశారు మా నాన్నగారు. మాస్టారు వాదించలేదు. అరుగు మీద తొట్టెలో వరినారు నాటి, అందులో కొన్ని పురుగుల్ని వదిలి, పైన దోమతెర కట్టారు. వచ్చేపోయేవాళ్ళంతా వంగి చూసేవాళ్ళు. బియ్యపుగింజంత పురుగులు, కిందకి వంగిన ముక్కులు. నారు ముట్టుకుంటే ఒట్టు. మా నాన్నమ్మ ఓ సాయంత్రం తట్టుకోలేక, "పాపం, పస్తులున్నాయండీ, చంపుతారా ఏంటి!" అని తనే కాలవకెళ్ళి ఓ గుర్రపుడెక్క ఆకు తెచ్చి పడేసింది. తెల్లారేసరికి ఆకు నిండా గాట్లు. దాంతో ఊరు ఒప్పుకుంది.

పురుగుల్ని కాలవలో వదిలాక మాస్టారికి రోజూ అదే పని. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, ఆకులు తిరగేసి చూస్తూ, "తినండమ్మా, తినండి" అని బతిమాలేవారు. పిన్నిగారు గుమ్మంలోంచి, "అన్నం చల్లారిపోతోంది, ముందు మీరొచ్చి తినండి" అని కేకేసేవారు.

ఇంతలో మా నాన్నగారు ఓ ఘనకార్యం చేశారు. గట్టు మీద వెళుతూ ఆకుల నిండా మచ్చలు చూశారు. జన్మంతా వరి చేసిన చెయ్యి కదా, మచ్చపడ్డ ఆకు కనబడితే ఆగదు. అది ఏ ఆకో ఆలోచించకుండా స్ప్రేయరు భుజానికేసుకుని, కాలవ పొడుగునా పురుగుమందు కొట్టేశారు. మాస్టారు వెళ్ళేసరికి పురుగులు చచ్చి తేలుతున్నాయి. అప్పుడు వెలిగింది నాన్నగారికి. ఇక తల ఎత్తితే ఒట్టు. మాస్టారు, "ఎంత మంచివారండీ మీరు! గుర్రపుడెక్కకి జబ్బు చేస్తే వైద్యం చేసినవారు ఈ భూమ్మీద మీరొక్కరే" అన్నారు. ముందు నవ్వింది నాన్నగారే. మర్నాడు ఇద్దరూ కలిసి ఖాళీ డబ్బా పట్టుకుని మళ్ళీ బస్సెక్కారు.

ఆ తరువాత ఏళ్ళు పట్టింది. ఊరికి ఓపిక తగ్గినప్పుడల్లా కలుపుమందు మాట లేచేది. "పురుగుకి తొందర లేదండీ, ఆకలుంది" అని సర్దిచెప్పేవారు మాస్టారు. పిల్లపురుగులు కాడల్ని లోపల్నించి తొలిచేస్తుంటే మొక్కలు గిడసబారాయి, పూలు తగ్గాయి, తెట్టు అక్కడక్కడా పలచబడింది. "పూర్తిగా పోదు. పోతే నా పిల్లలేం తింటాయి? వానాకాలంలో నీరు కదిలితే చాలు. అది చూసి పోతాను" అనేవారు. ఆయన కోరుకున్నది ఆ ఒక్కటే.

ఈ ఏడు నాట్లు పడకముందే జబ్బుచేసి ఏలూరు చేరారు. పోయినవారం కుండపోతగా వాన. గురువారం తెల్లవారి నేనూ నాన్నగారూ భయపడుతూ చేనుకి వెళ్ళాం. నాట్ల కొసలు నీటిపైన నిలబడి ఉన్నాయి. కాలవ పారుతోంది. ఆసుపత్రికి కబురు చెబుదామని జేబులోంచి తీసేలోగానే ఫోను మోగింది, పిన్నిగారు. ఒక్క పూట ఆగి ఉంటే ఏం పోయేది అని ఇప్పటికీ ఆయన మీద నాకు కోపమే.

సాయంత్రం కాలవ వంతెన దగ్గర పాడెని దింపుడు కళ్ళానికి దింపాం. ఆనవాయితీ ప్రకారం మాస్టారి అల్లుడు ఆయన చెవి దగ్గర వంగి "మావయ్యగారూ" అని ముమ్మారు పిలిచి లేచాడు. ఇక ఎత్తబోతుంటే, ఎవరూ చెప్పకుండానే మా నాన్నగారు బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెవి దగ్గరికి వంగారు.

"మాస్టారూ, నీరు కదిలిందండీ."

వంతెన కింద గిడసబారిన గుర్రపుడెక్క మొక్కలు, ఒకదాన్నొకటి పట్టుకోలేక, విడివిడిగా కొల్లేటి వైపు కొట్టుకుపోతున్నాయి.